కానరాని పక్షి – కనబడెనను మాట

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖవారు మీ యెదుట నిలిచినప్పుడు మంచినీటి పథకమును గూర్చియో, పశువుల టీకాలను గూర్చియో, ఇంటిపన్ను వసూలును గూర్చియో మాటలాడుట మీకు అలవాటు. నేడు ఒక పిట్టను గూర్చి మాటలాడవచ్చినాము. అది మన చెరువుగట్టున దినమును కనబడు పిట్ట కాదు. ఉన్నదో లేదో తెలియక పండితులు చాలకాలముగా తర్కించుకొనుచున్న పిట్ట. ఉన్న వీధిదీపముల లెక్కయే తేలని పంచాయతీలో లేని పిట్టల లెక్క యెందులకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుట తప్పుకాదు. కాని విషయము విన్న పిమ్మట ఆ నవ్వు కొంత తగ్గునని మా నమ్మకము.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టములోని 41వ విభాగము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. ఆ కమిటీ గ్రామస్థులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును వ్రాయవలెను. ఊరి పొలిమేరలోని చెట్లు, చేపలు, పశుజాతులు, పక్షులు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన సంగతులు అందులో ఉండవలెను. ఒకే కలముతో, ఒకే పూట కూర్చుండి, పొరుగూరి పుటలను చూచి వ్రాసినట్లు కన్పట్టు రిజిస్టర్లను కొన్నింటిని మేము చూచియున్నాము. సముద్రము చూడని మెట్టగ్రామపు పుటలో సముద్రపు పక్షి కనబడుచున్నది. పదునైదేండ్లుగా ఎవరికిని కనబడని రాబందు, నేడు కూడ ఊరిలో ‘సమృద్ధిగా’ ఉన్నదట. ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుటలేదు. కాగితముపై ఉన్న పక్షికిని, నేలపై ఉన్న పక్షికిని నడుమగల దూరమెంతయో మన రాష్ట్రమునందే జరిగిన ఒక కథ చక్కగా చూపుచున్నది. ఆ కథ చెప్పుటకే వచ్చితిమి.

కలివికోడి అను పేరు మీలో కొందరు పత్రికలలో చదివియుందురు. ఇది కలివిపొదల నడుమ తిరుగునది కావున కడప ప్రాంతమువారు ఆ పేరు పెట్టుకొనిరి. రమారమి తీతువుపిట్టంత ఉండును. పొడుగు కాళ్ళు, పెద్ద కన్నులు, రొమ్మున రెండు పట్టెలు దీని గుర్తులు. దొరల పుస్తకములలో దీనికి జెర్డన్ అను సైనిక వైద్యుని పేరు పెట్టబడినది. టామస్ జెర్డన్ 1836లో మన దేశమునకు వచ్చినప్పుడు మొదట పంపబడినది గంజాం జిల్లాకు. జ్వరములతోను, గ్రహణితోను బాధపడు సిపాయిలకు మందిచ్చుట ఆయన పని. తీరిక దొరికినప్పుడు తూర్పుకనుమల పక్షులను పరిశీలించుట ఆయన వ్యసనము. నాటి గంజాం జిల్లాలో మన ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ప్రాంతములు కూడ చేరియుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు అట్లే ఉండెను. ఆ విధముగా, తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఆ పక్షిశాస్త్రజ్ఞుడు మన కొండల ప్రక్కనే తన ఓనమాలు దిద్దినాడని చెప్పుకొనవచ్చును.

కలివికోడి శాస్త్రజ్ఞుల కంటబడినది 1848లో. బ్లాన్‌ఫోర్డు అను భూగర్భశాస్త్రవేత్త సిరోంచ వద్దను, భద్రాచలము వద్దను దీనిని చూచెను. 1900లో అనంతపురము దగ్గర హోవర్డు కాంబెల్ అనునాయన చూచెను. అంతటితో ఆ జాడ తెగిపోయినది. ఇరువదవ శతాబ్దమున పలుమార్లు వెదకినారు. సలీం అలీ వంటి మహాపండితుడే వెదకి వట్టిచేతులతో మరలినాడు. ఈ పక్షి నశించినదని పుస్తకములు వ్రాయసాగెను.

ఎనుబదియారేండ్లు గడచినవి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున భరత్ భూషణ్ అను పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చి, పొదలలో పిట్టలు పట్టి జీవించువారిని, మేకలు కాయువారిని అడుగుచు, బొమ్మలు చూపుచు తిరిగెను. 1986 జనవరిలో లంకమల కొండల దాపున, రెడ్డిపల్లె వద్ద, పిట్టలు పట్టు ఒక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుతురులో ఒక పక్షిని సజీవముగా పట్టి తెచ్చెను. అది కలివికోడియే. పట్టుబడిన ఆ పక్షి ఎక్కువకాలము బ్రతుకలేదు గాని, ఆ జాతి బ్రతికియున్నదని నిరూపించినది. 1988లో అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ప్రకటింపబడినది. అదే సంవత్సరమున తపాలాశాఖవారు ఆ పక్షి బొమ్మతో బిళ్ళను వెలువరించిరి.

ఈ కథను సాధారణముగా ‘ఆశ వదలుకొనరాదు’ అను నీతికై చెప్పుదురు. మేము దానిని మరియొక విధముగా చూచుచున్నాము. పండితులు ఎనుబదియారేండ్లు ఎందులకు చూడలేకపోయిరి? కలివికోడి రాత్రించరము. పగలు పొదలలో మసలక దాగియుండును. పగటివేళ ఎన్ని ఆమడలు నడచినను అది కనబడుట అరుదు. ‘వెదకితిమి, కనబడలేదు’ అను మాట నిజమే. కాని ఏ వేళ వెదకితిరి అని అడిగినవారు లేకపోయిరి. రాత్రివేళ పొదలలో తిరుగు అలవాటు కల మనిషికి ఆ పక్షి క్రొత్తది కాదు. అతని నడుగుటకు ఎనుబదియారేండ్లు పట్టినది.

ఇచ్చట కొంచెము లెక్క చేయుదము. ఒక పొలిమేరలో పక్షి నిజముగా ఉన్నదనుకొందము. సరియైన వేళ, సరియైన చోట ఒక రాత్రి కాపు వేసిన, అది కనబడుటకో వినబడుటకో పదింట ఒక పాలు అవకాశము కలదనుకొందము. పది రాత్రులు కాపు వేసినను తగులకుండుటకు నూటికి 35 పాళ్ళు అవకాశము మిగులును. కావున పది రాత్రులతో ‘లేదు’ అనరాదు. ముప్పది రాత్రులు వేసిన ఆ అవకాశము నూటికి 4 పాళ్ళకు దిగును. అప్పుడు ‘బహుశః లేదు’ అనవచ్చును. కాని రాత్రి తిరుగు పక్షికై వేయి పగళ్ళు వెదకినను లెక్క ఒక్క మెట్టు కూడ కదలదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థవారు ఒక జాతిని ‘నశించినది’ అని ప్రకటించుటకు, తగిన ప్రదేశములలో, తగిన ఋతువులలో, తగిన వేళలలో పూర్తిగా వెదకియుండవలెనని నియమము పెట్టినది ఈ కారణముచేతనే.

ఇది లేదనువారిని శంకించుట. ఉన్నదనువారిని కూడ అంతే గట్టిగా శంకింపవలెను. దానికిని ఒక లెక్క కలదు. అరుదైన పక్షి ఒక్కమారు కనబడుచోట దానిని పోలిన మామూలు పక్షి వేయిమారులు కనబడుననుకొనుడు. మంచి చూపు కలవాడు కూడ మసక వెలుతురులో నూటికొకమారు పొరబడును. అప్పుడు వేయి చూపులలో పది పొరబాటు కబుర్లు పుట్టును. నిజమైన కబురు ఒక్కటియే. చెప్పువారందరు సత్యసంధులే అయినను పదునొకండింట పది కబుర్లు తప్పగును. ‘ఆయన అబద్ధమాడడు’ అనుట సాక్ష్యము కాదు. అబద్ధము వేరు, పొరబాటు వేరు. మన పంచాయతీలలో ఈ భేదము మరచుటచేతనే తగవులు పెరుగుచున్నవి. ఒకని మాటను పరీక్షింపబోయిన, అతని పరువును పరీక్షించినట్లు భావించుచున్నారు.

కలివికోడి విషయమున 1986 తరువాత జరిగిన పని ఈ రెండు శంకలకును సమాధానముగా జరిగినది కావున మేము దానిని మెచ్చుకొనుచున్నాము. పక్షిని పట్టకుండ, భయపెట్టకుండ, ఉన్నదని రుజువు చేయుట ఎట్లు? పరిశోధకుడు జగన్నాథన్, ఆయన తోడివారు పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారిన పిమ్మట ఆ మన్నుపై పడిన అడుగులను కొలిచి చూచిరి. కళ్ళములో ఎవరి ఆవు మేసినదో గిట్టజాడను బట్టి చెప్పు మన రైతునకు ఈ పద్ధతి వింతగా తోచదు. తీతువు అడుగేది, కౌజు అడుగేది, కలివికోడి అడుగేది అని కొలతలతో వేరు చేసిరి. దారిలో ఏదైన కదలినంతనే తనంతట బొమ్మ తీయు కెమేరాలను అమర్చిరి. 2000 తరువాత దాని కూత కూడ రికార్డయినది. ప్రొద్దు గ్రుంకిన ముప్పావుగంట తరువాత ఆరంభించి, కొద్ది నిమిషములు, హెచ్చైన ఇరువది నిమిషములు మాత్రమే రెండక్షరముల కూత కూసి ఊరకుండునట. ఆ ఇరువది నిమిషములు తప్పిపోయిన, ఆ రాత్రి కాపు వ్యర్థమే.

మరియొక సంగతి పశువులున్నవారు ప్రత్యేకముగా వినదగినది. ఈ పక్షి ఎట్టి పొదలలో ఉండునో కూడ లెక్కించిరి. హెక్టారుకు పెద్దపొదలు 300 నుండి 700 వరకు ఉండి, నడుమ నడుమ నేల బయలుగా ఉన్నచోట అది ఎక్కువగా ఉండునని తేలినది. పొదలు పూర్తిగా నరికివేసిన పోవును. చొరరానంత దట్టముగా పెరిగినను ఇష్టపడదు. కావున మితముగా మేకలు మేయుట, మితముగా కట్టె కొట్టుట పక్షికి శత్రువులు కావు. యంత్రములతో పొదలు పెకలించి తోటలు వేయుటయే దానికి పెద్ద ముప్పు. ఇట్టి సాక్ష్యము లేనియెడల, ‘అడవిలోనికి పశువులను రానీయకుడు’ అను ఉత్తరువు సులభముగా పుట్టెడిది. బీదవాని మేక నష్టపోయెడిది, పక్షికి మేలు కలిగెడిది కాదు.

తెలుగుగంగ కాలువ విషయమును చూడుడు. 2005లో ఆ కాలువ త్రవ్వకము కలివికోడి ఉన్న పొదల మీదికి వచ్చినది. ఒకవైపు రైతునకు నీరు. ఒకవైపు ప్రపంచమున మరియెచ్చటను లేని పక్షి. ఊరక ‘ఇచ్చట అరుదైన పిట్ట ఉన్నదట’ అని యుండిన ఎవరును లక్ష్యపెట్టకపోయెడివారు. లక్ష్యపెట్టుట న్యాయమును కాదు, ఎందుకనగా ‘అట’ అను మాటకై పొలమునకు రావలసిన నీరు ఆపరాదు. అడుగుల కొలతలు, కూత రికార్డులు, తేదీలు, స్థలములు చేతనుండుటచే విషయము సుప్రీంకోర్టువారి కమిటీవరకు పోయి, కాలువ దారి మార్చబడినది. నీరును పోయినది, పొదలును మిగిలినవి. సాక్ష్యము బలముగా ఉన్నప్పుడే రెండు పక్షములకును మేలు జరుగు మార్గము దొరకునని మాకు తోచుచున్నది.

అటుపిమ్మట కథ మరల చీకటిలోనికి పోయినది. 2000 దశకము చివరినుండి పదేండ్లకు మించి నమ్మదగిన ఆనవాలు దొరకలేదు. మరల నశించినదను మాట బయలుదేరినది. 2025 ఆగస్టులో కొందరు పక్షివీక్షకులు రాత్రివేళ దాని కూత విని రికార్డు చేసితిమని ప్రకటించిరి. సంతోషింపదగిన వార్త. ఇట్టి సంతోషవార్తను కూడ ప్రశ్నించుటలో తప్పులేదు. కూత రికార్డు ఉన్నది కావున దానిని ఇతరులు పాత రికార్డులతో పోల్చి చూడవచ్చును. ‘నేను విన్నాను’ అను మాటను పోల్చి చూడలేము. అయితే ఒక చిక్కు కలదు. కూత ఒకమారు రికార్డయిన పిమ్మట, వెదకువారు దానినే యంత్రముపై వినిపించి పక్షిని పిలుచుట వాడుక. ఒక గుంపు వినిపించిన కూతను దూరమున ఉన్న మరియొక గుంపు నిజమైన పక్షి కూతగా భ్రమపడవచ్చును. కాబట్టి ఎక్కడ కూత వినబడినను, ఆ రాత్రి చుట్టుప్రక్కల ఎవరైన యంత్రము వాడిరా అని మొదట విచారింపవలెను. అంతియేకాక పక్షి ఉన్న చోటును ఊరెల్ల చాటుట క్షేమము కాదు. చూడవచ్చువారి తాకిడియే దానిని తరిమివేయును.

పొరబాటు మాత్రమే కాదు, మోసము కూడ జరుగును. మనకు ఉత్తరమున ఒడిశాలోని ఖరియార్‌లోను, దాని దాపున ఫూల్‌ఝర్ ప్రాంతమునందును 1870 దశకమున ఒక చిన్న గుడ్లగూబ దొరికినది. మన చింతచెట్లపై కనబడు పైడికంటెను పోలియుండును గాని వేరు జాతి. 1884 తరువాత అది ఎవరికిని దొరకలేదు. అయితే రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అను ఆంగ్ల సైనికాధికారి తాను 1914లో గుజరాతులోని మాండ్వి వద్ద దానిని కాల్చితినని ఒక చర్మము చూపెను. గొప్ప అధికారి, గొప్ప పేరు, ఎవరును సందేహింపలేదు. తరువాత వెదకినవారు ఆ చీటీని నమ్మి అచ్చట వెదకి విఫలులైరి. పమేలా రాస్ముసెన్ అను శాస్త్రజ్ఞురాలు ఆ చర్మమును కుట్టుపోగుతో సహా పరీక్షించి, అది 1880 దశకమున డేవిడ్సన్ అనునాయన ఖాందేశమున సేకరించినదనియు, దానిని మ్యూజియమునుండి దొంగిలించి, మరల కుట్టి, క్రొత్త చీటీ కట్టిరనియు తేల్చినది. ఆ చీటీని త్రోసివేసి, నిజమైన పాత చోటులనే వెదకిరి. తొలుత ఫూల్‌ఝర్, ఖరియార్ ప్రాంతములలో వెదకిరి; దొరకలేదు. పిమ్మట మహారాష్ట్రమున శహాదా దగ్గర 1997 నవంబరు 25న ఆ గుడ్లగూబ పట్టపగలు ఒక మోడుచెట్టుపై కూర్చుండి కనబడినది! నూటపదమూడేండ్ల అదృశ్యములో ఎంత భాగము పక్షిది, ఎంత భాగము ఆ తప్పుడు చీటీదో మీరే ఆలోచింపుడు.

నిజమైన చీటీ విలువ కూడ చెప్పవలెను. 1917లో కోలారు బంగారుగనుల వద్ద సేకరింపబడిన ఒక గ్రుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయమున పెట్టెలో పడియుండినది. 2013లో దానిపై కలివికోడి పేరును చూచి, గ్రుడ్డు లోపలి పొరను జన్యుపరీక్ష చేయగా అది నిజముగా కలివికోడి గ్రుడ్డేయని తేలినది. ఎవరో తేదీయు, చోటును వ్రాసియుంచుటచే దాదాపు నూరేండ్లకు పిమ్మట ఆ పక్షి కర్ణాటకమున కూడ ఉండెడిదని తెలిసినది.

అమెరికా సంగతి రెండు మాటలలో చెప్పెదము. అచ్చట దంతపు ముక్కు వడ్రంగిపిట్ట అని ఒక పెద్ద పక్షి ఉండెడిది. అందరు అంగీకరించిన చివరి దర్శనము 1944లో జరిగినది. 2005లో ఆర్కాన్సా రాష్ట్రపు చిత్తడి అడవులలో అది కనబడెనని గొప్ప శాస్త్రపత్రికలో ప్రకటించిరి. రుజువుగా కొన్ని క్షణముల మసక చలనచిత్రమును చూపిరి. దేశమంతయు పొంగిపోయినది, ధనము ప్రవహించినది. మరుసటి ఏడాదియే ఇతర నిపుణులు అది మామూలు వడ్రంగిపిట్టయే కావచ్చునని ఆక్షేపించిరి. ఏండ్ల తరబడి వెదకినను స్పష్టమైన ఒక్క ఛాయాచిత్రము రాలేదు. 2021లో ప్రభుత్వము దానిని నశించినదిగా ప్రకటింపదలచి, వాదములు విని, 2023లో ఇతర జాతులను ఇరువదియొక్కింటిని ప్రకటించినప్పుడు దీనిని మాత్రము ఆ పట్టికనుండి ఆపినది. ధనముండిన చాలదు, యంత్రములుండిన చాలదు. కోరిక బలముగా ఉన్నచోట కన్ను కోరికకే లోబడును.

అమెరికావారిని చూచి మనము నవ్వనక్కరలేదు. మన టెక్కలి మండలమున తేలినీలాపురమునకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింత, తుమ్మచెట్లపై గూళ్ళు కట్టుచున్నవి. ఇచ్ఛాపురము మండలమున తేలుకుంచికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వచ్చుచున్నవి. వానిని పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడపడుచులుగా భావించి, రాయి విసరనీయక కాపాడుచున్న ఆ గ్రామముల వారికి ఎంత కృతజ్ఞత చెప్పినను తక్కువే. కాని ‘ఇవి సైబీరియానుండి వచ్చిన పక్షులు’ అని పత్రికలలోను, ఉపన్యాసములలోను, కొండొకచో బోర్డులపైనను కనబడుచున్నది. గూడబాతు గ్రుడ్లు పెట్టునది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములలోనే. ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ కూడ అంతే. ఇవి మన దేశపు పక్షులే. నీటిని, ఆహారమును బట్టి ఒకచోటినుండి మరొకచోటికి తిరుగును. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు బాతులు, ఉల్లంకిపిట్టలు మన నౌపడా మడులకు, తంపరలకు వచ్చుట నిజమే. అవి ఇచ్చట గూడు కట్టవు. గూడు కట్టి పిల్లలను చేయుచున్న పక్షిని సైబీరియా పక్షి యనుట పొసగదు.

ఈ చిన్న పొరబాటు వలన నష్టమేమి అందురా? దూరదేశపు అతిథి యనుకొన్నప్పుడు, ‘ఈ ఏడు రాకపోయిన అచ్చటనే ఏదో జరిగియుండును’ అని ఊరకుందుము. మన పక్షియే యని తెలిసినప్పుడు, మన చెరువున చేప తగ్గినదా, మన తంపర పూడినదా, గూడున్న చింతచెట్టు నరికిరా అని విచారింతుము. బాధ్యత ఎవరిదో మారిపోవుచున్నది.

సోంపేట బీల మీకు తెలియనిది కాదు. ఆ నేల కాగితములలో ఒక తీరున, కండ్లకు మరియొక తీరున ఉండుటచే ఎంత సంక్షోభము కలిగెనో, 2010లో ఎట్టి దుర్దినము చూడవలసి వచ్చెనో ఇచ్చట వివరింపనక్కరలేదు. అచ్చటి విద్యుత్కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతి ఆ సంవత్సరమే రద్దయినది. నేల ఎట్టిది, దానిపై ఏవి బ్రతుకుచున్నవి అను సంగతి ముందుగనే, వివాదము లేని కాలముననే, ఊరివారి చేతితో వ్రాయబడియుండుట ఎంత అవసరమో మీరెరుగుదురు.

ఇక రాబందును గూర్చి. ఊరివెలుపల చచ్చిన పశువుపై రాబందులు గుంపుగా వ్రాలుట చూచిన పెద్దలు మీ గ్రామములలో ఉన్నారు. 1990 దశకమున అవి దేశమంతట కుప్పకూలినవి; తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 లోపల నూటికి తొంబదితొమ్మిది పాళ్ళకు మించి పోయినవి. గాలిరోగమనిరి, పురుగుమందులనిరి, ఎవరో మంత్రించిరని కూడ అనిరి. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ అను మందే కారణమని 2004 నాటికి రుజువైనది. ఆ మందు తిన్న పశువు చచ్చిన, దాని మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను కూడ పశువులకు నిషేధించిరి. మెలాక్సికాం అను మందు రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది, అది దొరకుచున్నది.

‘మా ఊరి మీద రాబందు ఎగిరినది’ అని ఒకడు చెప్పిన మీరేమి చేయవలెను? వెంటనే పత్రికకు చెప్పకుడు. వెంటనే త్రోసివేయకుడు. చూచినవానిని ఒంటరిగా కూర్చుండబెట్టి, మీరు పేరు అందింపక, అతనినే వర్ణింపనిండు. ఏ వేళ? ఎండ ఏ ప్రక్కనుండి? ఎంత దూరము? వ్రాలినదా, ఎగురుచున్నదా? తోక చీలియుండెనా? మెడ బోడిగా ఉండెనా? ఒక్క రాబందు బొమ్మ చూపి ‘ఇదేనా?’ అని అడిగిన, అవునననివాడు అరుదు. కావున గ్రద్ద, గరుడపక్షి, డేగ, రాబందు బొమ్మలు కలిపి చూపవలెను. ప్రక్కన ఉన్నవారు కూడ చూచిరా? చూచినయెడల వారిని వేరుగా అడుగవలెను. మొదటివాడు చెప్పినది రెండవవానికి వినిపించిన, ఇద్దరు సాక్షులు ఉండరు, ఒక్కడే యుండును. చేతిలో ఫోనున్నవాడు బొమ్మ తీసిన మేలు. తీయలేకపోయిన అతనిని ఎగతాళి చేయరాదు. బహుమానము ప్రకటింపవద్దని మా సలహా; బహుమానమునకు పక్షులు రావు, కబుర్లు వచ్చును. విచారించిన పిమ్మట అటవీశాఖవారికి తెలుపవలెను. వల పన్నుట, పట్టుట చట్టవిరుద్ధము.

ముఖ్యముగా, మేకలు కాయువారిని, వలవేయు బెస్తలను, కొండమీది సవర, జాతాపు పెద్దలను, రాత్రి జీడితోట కాపలావానిని అడుగకుండ ఏ రిజిస్టరు పుటను ముగింపవద్దు. వారు చెప్పినదంతయు నిజమని కాదు. వారిని కూడ పై ప్రశ్నలే అడుగవలెను. కాని రాత్రి సంగతి రాత్రి మేలుకొనువానికే తెలియును.

రిజిస్టరులో పక్షి పేరు వ్రాయునప్పుడు మూడు విధములు వేరుపరుపుడు: ఈ ఏడు చూచినది, పెద్దలు చూచినదని చెప్పునది, వెదకియు కనబడనిది. పెద్దలు చెప్పినదానిని ‘ఉన్నది’ అను పుటలో వ్రాయకుడు. ఎవరు, ఏ వయస్సున, సుమారు ఏ కాలమున చూచిరో వ్రాయుడు. వెదకియు కనబడని పక్షికి ఎన్ని రాత్రులు, ఎన్ని పగళ్ళు, ఏ నెలలో, ఎవరెవరు వెదకిరో వ్రాయుడు. వట్టి ‘లేదు’ అను మాట ముందుతరమువారికి పనికిరాదు. ‘2026 జనవరిలో నలుగురము పండ్రెండు సాయంకాలములు గెడ్డ ఒడ్డున కూర్చుంటిమి, కనబడలేదు’ అను మాట పనికివచ్చును. తరువాతివారు పదమూడవ సాయంకాలమునుండి ఆరంభింపగలరు.

సమావేశము ముగిసిన పిమ్మట రిజిస్టరు నమూనా పుటలను మా సిబ్బంది పంచిపెట్టెదరు. పక్షుల పుటకు ఎదుటి పుట ఖాళీగా ఉంచబడినది. అది అచ్చులో జరిగిన లోపము కాదు. వెదకియు కనబడని వానికై విడిచితిమి. ప్రశ్నలున్నవారు ఇప్పుడు అడుగవచ్చును.